ఆవగింజ నేర్చిన రెండో మాట

ఎవరో వచ్చి తన కూతుర్ని బండెక్కించుకుని తీసుకుపోతారు. పిల్ల ఏడవదు, వెనక్కి తిరగదు, నవ్వుకుంటూ వెళ్ళి కూర్చుంటుంది. ఆ తల్లికున్న భయం ఇది. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో, మొగుడు నిచ్చెన మీంచి పడతాడేమో అనే భయాలు కూడా ఉన్నాయి గానీ, దీని ముందు అవన్నీ దోమలు.

పిల్లకి బడి పుస్తకాల్లో వేరే పేరుంది. ఇంట్లో, వీధిలో మాత్రం ఆవగింజ. నెలలు నిండకుండా పుట్టి అరచేతిలో ఇమిడిపోయిందని నాయనమ్మ పెట్టిన పేరు. తర్వాత ఒళ్ళు బాగానే ఎదిగింది. బుద్ధే వెనకాల మెల్లగా వస్తోంది. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది, అవి కలిస్తే మాటలవుతాయంటే నమ్మదు. నిన్న, రేపు రెండూ దానికి ఒకటే. "దాని తెలివి నత్తనెక్కి వస్తోందే. రానీ. నత్త దారి తప్పిందని ఎక్కడైనా విన్నామా?" అనేది నాయనమ్మ.

తల్లి చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఇంట్లో పసివాళ్ళని ఎత్తుకునే చేతులు తక్కువై ఆమెని మాన్పించారు. ఆ తర్వాత చదువుకున్నవాళ్ళ ముందు నిలబడాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకి ఒకే ఉపాయం అక్కరకొచ్చింది. వాళ్ళు చెప్పింది అర్థమైనా కాకపోయినా "సరేనండి" అనేది. ఆస్పత్రి కిటికీ దగ్గర సరేనండి, బ్యాంకులో సరేనండి, పనిచోట సూపర్‌వైజరు ముందు సరేనండి. సరేనన్న మనిషిని ఎవరూ రెండో ప్రశ్న అడగరు. కూతురికి బడి ఈడు రాగానే పుస్తకాల సంచీ కంటే ముందు ఆ మాటనే మూటగట్టి ఇచ్చింది. "టీచరుగారు ఏమడిగినా సరేనండి అను బంగారూ. ఇంకేం అనకు."

ఆవగింజ తు.చ. తప్పకుండా అలాగే చేసింది. అర్థమైందా అంటే సరేనండి, కూర్చో అంటే సరేనండి, నీ పెన్సిల్ నాకిచ్చెయ్ అని పక్కపిల్ల అంటే దానికీ సరేనండి. పెన్సిళ్ళు పోయాయి గానీ, పిల్ల ఒక్కో తరగతీ దాటుకుంటూ వచ్చింది. "మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో!" అనేవారు టీచర్లు. తల్లి ఆ మాటని చాటుగా తలుచుకుని మురిసిపోయేది.

అలా గుట్టుగా రోజులు వెళ్ళిపోతుండగా చట్టం వచ్చింది.

ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటల్ కింద, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో. అక్కడ ఆవిరికి గోడలకి కూడా చెమటలు పడుతుంటాయి. దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరం జరగాలి, ఒక్క విదిలింపు విదిలించాలి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. దూరంగా ఉంటే మిషన్ల హోరులో మాట వినపడదు. అందుకే అక్కడి కబుర్లన్నీ ముక్కలు ముక్కలుగా, కొసలు కలిసిన చోట మాత్రమే నడుస్తాయి. ఆమెకి జోడీ రేడియో అక్క. స్విచ్ వెయ్యకుండానే మోగుతుందని అందరూ కలిసి పెట్టిన పేరు.

"కొత్త చట్టమొచ్చిందట, విన్నావా?" అంది రేడియో అక్క కొసలు అందిస్తూ.

దూరం జరిగారు. విదిలించారు. దగ్గరకొచ్చారు.

"దేనికక్కా?"

"పిల్లల చదువులకి. వెనకబడ్డవాళ్ళకి, కాలో కన్నో సరిగా లేనివాళ్ళకి, అమ్మానాన్నలకి చదువు రానివాళ్ళకి..."

మళ్ళీ దూరం. మళ్ళీ దగ్గర.

"...వీళ్ళందరికీ విడిగా బడి కట్టారట. పడకా తిండీ అక్కడే. మా చెల్లెలుండే పేటలో ముందే మొదలెట్టి, దాని కూతుర్ని మొదటి విడతలోనే తీసుకెళ్ళారుగా."

"విడిగా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళుంటే మంచిదేగా?"

ఆ దుప్పటి మడతపడి దొంతర మీదకి ఎక్కేదాకా రేడియో అక్క నోరు విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ లాండ్రీలో ఎవరూ చూడలేదు.

"సెలవలకి ఇంటికొచ్చింది. పని దిగాక నాతో రా. నువ్వే చూద్దువుగాని."

ఆ పిల్లని ఆమె ఎరుగును. ఒక కాలు సన్నం, చంకలో కర్రతో నడిచేది. నడక ఎంత నెమ్మదో నోరు అంత వడి. వీధిలో ఒకడు కుంటిదానా అంటే, "నాది కాలు కుంటి, కర్రుంది. నీది బుర్ర కుంటి, దానికి కర్ర ఎక్కడ పెడతావురా?" అని వాణ్ణి ఇంటిదాకా తరిమిన గడుగ్గాయి. ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గర, నీళ్ళ బిందె పక్కన నిలబడి ఉంది. కొత్త కర్ర, ఉతికిన బట్టలు, చెవుల పైదాకా కత్తిరించిన జుట్టు. కాస్త ఒళ్ళు కూడా చేసింది. బిందె మీద గ్లాసుంది. పిల్ల దానివైపే చూస్తోంది గానీ చెయ్యి చాచడం లేదు.

"అలా ఎంతసేపటి నుంచి?" అని అడిగింది ఆవగింజ తల్లి.

"చెప్పేదాకా అంతే," అంది ఆ పిల్ల తల్లి, కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా. తర్వాత గొంతు పెంచి, "తాగవే," అంది. పిల్ల తాగింది. గ్లాసు బోర్లించింది. మళ్ళీ అక్కడే నిలబడింది.

"కూర్చోవే అమ్మా."

కూర్చుంది.

రేడియో అక్క పిల్ల మీదకి వంగి, "అక్కడ నిన్ను కొడతారుటే?" అంది రహస్యంగా.

"లేదండీ," అంది పిల్ల, సొంత పెద్దమ్మతో.

ఆ ఒక్క 'అండీ' విన్నాక ఆవగింజ తల్లి అక్కడ ఉండలేకపోయింది. కొట్టి ఉన్నా బాగుండును, దెబ్బయితే కంటికి కనపడేది కదా అనుకుంటూ ఇంటికి నడిచింది.

కొన్నాళ్ళకి బడిలో తల్లిదండ్రుల్ని పిలిచి చట్టం చదివి వినిపించారు. పెద్ద టీచరమ్మ మంచి మనిషి. పుస్తకం భాషలో ఉన్న ఒక్కో వాక్యం చదివి, వెంటనే మామూలు మాటల్లో చెప్పింది.

"కంగారు పడకండమ్మా. ఎవరి పిల్లల్నీ ఎవరూ లాక్కుపోరు. ఇందులో అన్నిటికంటే మంచి సంగతేంటంటే, నిర్ణయం పిల్లలదే. కమిటీవాళ్ళు వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. ఇంట్లో ఉంటానన్న పిల్లని ఎవరూ కదపరు. కాకపోతే, పెద్దవాళ్ళు తమ మాట పిల్లల నోట పలికించకూడదు. అది తప్పు. ఆ గదిలోకి కూడా మిమ్మల్ని రానివ్వరు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవగింజ తల్లీ కొట్టింది. కొడుతూ కొడుతూ ఉండగా ఆమె చేతులు గాల్లో ఆగిపోయాయి. విడిగా అడుగుతారు. మాతో వస్తావా అని అడుగుతారు. అప్పుడు ఆవగింజ ఏమంటుంది?

"ఏమంటుంది? సరేనండి అంటుంది," అన్నాడు మొగుడు ఆ సాయంత్రం. ఇళ్ళకి రంగులు వేసే మనిషి. ఎంత తోముకున్నా చెవి వెనకాల ఏదో ఒక రంగు మిగిలిపోతుంది. ఆ రోజు లేత పసుపు. "నువ్వు నేర్పిందేగా."

"నేనే నేర్పాను. ఇప్పుడు నేనే మాన్పిస్తాను."

"రంగు వెయ్యడం తేలికే. గోకడం మొదలుపెడితే తెలుస్తుంది."

"నువ్వు గోకొద్దులే, లేచి నాకో కుర్చీ వెయ్యి," అంది అత్త, ఆవగింజ నాయనమ్మ, కొడుకుతో. "నేను ఆఫీసరమ్మని."

కొడుకు ఎండకి పెట్టుకునే నల్లద్దాలు ముక్కుకి తగిలించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. గొంతులో తేనె ఒలకబోసుకుంది. "ఏం తల్లీ, మాతో హాస్టల్‌కి వస్తావా?"

ఆవగింజ చేతులు కట్టుకుని, "సరేనండి," అంది.

"కాదు బంగారూ. వద్దండి అనాలి," అంది తల్లి మోకాళ్ళ మీద కూర్చుని. "వద్దండి."

"సరేనండి."

"సరేనండి కాదే, వద్దండి!"

"సరేనండి," అంది పిల్ల ఇంకా బుద్ధిగా, తప్పెక్కడ జరిగిందో తెలియక.

అత్తకి నవ్వాగలేదు. అద్దాలు జారి ఒళ్ళో పడ్డాయి. ఆమెని చూసి కొడుకూ, అతన్ని చూసి పిల్లా నవ్వారు. తల్లి ఒక్కతే నవ్వలేదు.

ఆనాటి నుంచి జడ వేస్తున్నా, ముద్ద పెడుతున్నా, వీధి దాటుతున్నా అదే పాఠం. మాటగా చెబితే ఎక్కలేదు. ఆటగా చేస్తే ఎక్కుతుందేమోనని అత్తకే తట్టింది. ఆమె తియ్యటి గొంతుతో అడగడం, పిల్ల ఎగిరి జవాబివ్వడం. "బండెక్కుతావా తల్లీ?" "వద్దండి!" "మాతో వచ్చేస్తావా తల్లీ?" "వద్దండి!" "హాస్టల్లో ఉంటావా తల్లీ?" ఇల్లెగిరిపోయేలా, "వద్దండి!" చివరికి ఒక్కసారి కూడా తప్పు పోకుండా చెప్పిన రోజున తల్లి పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. మొగుడు తలుపు దగ్గర నిలబడి చెవి వెనకాల గోక్కుంటూ, "పర్లేదే, గోడ శుభ్రంగానే వచ్చింది," అన్నాడు.

కమిటీ వచ్చింది. పెద్ద టీచరమ్మ గదిలో కూర్చుని, బయట బెంచీ మీద ఉన్న తల్లుల్ని లోపలికి రావద్దన్నారు. "సరేనండి," అనేసింది ఆవగింజ తల్లి అలవాటుగా. ఉక్కగా ఉందని తలుపు ఓరగా వదిలారు. పిల్ల లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చోవడం, కాళ్ళు ఊపడం ఆమెకి కనిపిస్తూనే ఉంది.

లోపలున్న ఆఫీసరమ్మ వయసులో చిన్నది. నిజంగానే కళ్ళజోడుంది. గొంతు కూడా నిజంగానే తేనె. ఎవర్నీ బెదిరించి ఎరగని గొంతు.

"భయం లేదమ్మా. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. అమ్మ దగ్గర ఇంట్లోనే ఉంటావా తల్లీ?"

బెంచీ మీదున్న తల్లి లేచి నిలబడింది. ఆ ప్రశ్న వాళ్ళు ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఇంట్లో ఉన్న పిల్లని ఇంట్లో ఉంటావా అని ఎవరడుగుతారు? హాస్టల్‌కి వస్తావా అనే అడుగుతారనుకున్నారు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళుండి, ఒక్కరికీ రెండో వైపు తట్టలేదు.

"వద్దండి!" అంది ఆవగింజ.

లోపల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"ఇల్లు వద్దా?"

"వద్దండి!"

"అమ్మ దగ్గరకి వెళ్ళవా తల్లీ?" ఈసారి ఆ గొంతు మరీ మెత్తగా అయింది.

"వద్దండి!" ఇంట్లో చెప్పినట్టే చెప్పి, ఎవరో ఎత్తుకుని తిప్పుతారని ఆవగింజ చుట్టూ చూసింది.

తల్లి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. "అది కాదండీ. దానికి తెలీదండీ. మేమే నేర్పామండీ, ఏమడిగినా అదే అంటుందండీ."

ఆఫీసరమ్మ కోప్పడలేదు. పక్కన రాసుకుంటున్నాయన తలెత్తాడు. "నేర్పారా? నేర్పకూడదని చట్టంలో ఉందని మీకు చెప్పలేదా?"

"చెప్పారండీ. కానీ మేం నేర్పింది హాస్టల్ వద్దని చెప్పమనండీ. ఇల్లు వద్దని కాదండీ."

"అంటే ఇల్లు వద్దన్న మాట మీరు నేర్పింది కాదు," అన్నాడాయన నిదానంగా. "అది పిల్ల సొంత మాట."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె అవస్థ చూడలేక పెద్ద టీచరమ్మ కలగజేసుకుంది. "మేడం, వేరే ఏదైనా ఒక్కటి అడిగి చూడండి. దానికీ వద్దంటే, ఈ తల్లి చెప్పేది నిజమే కదా."

ఆఫీసరమ్మ న్యాయం తప్పే మనిషి కాదు. సంచిలోంచి చాక్లెట్ తీసి అరచేతిలో పెట్టుకుని చాపింది. "ఇది కావాలా తల్లీ?"

వద్దను. తల్లి మనసులోనే బతిమాలింది. వద్దనవే అమ్మా, ఈ ఒక్కసారికి వద్దను. కూతురికి కాస్త తెలివివ్వమని ఇన్నాళ్ళూ మొక్కుకున్న మనిషి, ఆ క్షణాన అది లేకపోతే బాగుండునని మొక్కుకుంది.

ఆవగింజ చాక్లెట్ చూసింది. మొహం విప్పారింది. "సరేనండి," అని చెయ్యి చాచింది.

"ఏది కావాలో ఏది వద్దో పిల్లకి బాగానే తెలుసు," అంది ఆఫీసరమ్మ మెల్లగా. ఆమె కళ్ళలో జాలి ఉంది. ఆ జాలి తల్లి మీద కాదు.

ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి పిల్ల చొక్కా ఎత్తి వీపు చూశారు. పక్కింటివాళ్ళని, ఈ ఇంట్లోంచి అరుపులు వినిపిస్తాయా అని అడిగారు. "వినిపిస్తాయండి, ఈ మధ్య రోజూ వద్దండి వద్దండి అని పిల్ల గట్టిగా అరుస్తోంది," అని చెప్పారు వాళ్ళు, పాపం, ఉన్నదే చెప్పారు. మొగుడు పని మానుకుని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ప్రతిచోటా కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్ల మాటకి ఇంత విలువిచ్చిన చట్టం ఇదివరకు లేదని గర్వంగా చెప్పి పంపారు.

బండి పొద్దున్నే వచ్చింది. శుభ్రమైన బండి, కిటికీలకి తెల్లటి తెరలు. అత్త పిల్ల బుగ్గలు నిమిరి, "వెళ్ళిరావే ఆవగింజా, అక్కడ నత్తలేమైనా కనిపిస్తే నేనడిగానని చెప్పు," అంది. అని, గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎక్కుతావా తల్లీ అని ఎవరూ అడగలేదు. బండితో వచ్చిన ఆయా పిల్ల చెయ్యి పట్టుకుని "ఎక్కు," అంది. ఆవగింజ నవ్వుకుంటూ ఎక్కి కూర్చుంది. తల్లి ఇన్నాళ్ళూ భయపడినదానికి వెంట్రుకవాసి తేడా లేదు. భయపడింది జరిగిపోతే ఇక భయముండదని ఎవరో చెప్పగా విన్నదామె. అది అబద్ధం.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని నిలబెట్టి లోపలికి వెళ్ళొచ్చాడు. మెడ గోక్కుంటూ చెప్పాడు.

"మీ కేసులో పిల్ల ఇష్టపడితేనే చూపించాలటమ్మా. అమ్మని చూస్తావా అని వార్డెనమ్మగారు అడిగారు."

"ఏమంది?" అని అడిగింది ఆమె, తెలిసి తెలిసీ.

"వద్దందమ్మా."

రెండోసారీ అంతే. ఆ తర్వాత వెళ్ళినప్పుడు వాచ్‌మన్ లోపలికి వెళ్ళనే లేదు. "ఎందుకమ్మా మళ్ళీ మళ్ళీ ఆ మాట వినడం," అన్నాడు మంచికే. ఆమె వెనక్కి తిరిగింది గానీ బస్సెక్కలేదు. గోడ పట్టుకుని నడుస్తూ వెనకవైపుకి వెళ్ళింది. అక్కడ గోడ బదులు ఇనప వల. వల అవతల పిల్లలు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వరసగా నడిచి వెళుతున్నారు. అంతమంది నడుస్తుంటే కాళ్ళ చప్పుడు తప్ప ఒక్క గొంతు లేదు.

చివర్లో ఆవగింజ. చెవుల పైదాకా కత్తిరించిన జుట్టు. నొసటి మీద చిన్నప్పటి గాటు మచ్చ. నల్లటి కొత్త బూట్లు. కుడి మడమ నేలకి ఆనించకుండా, పాదం పక్కకి వాల్చి ఈడుస్తూ నడుస్తోంది. నొప్పి అని చెప్పడం ఆ పిల్లకి ఇంకా రాదు. చిన్నప్పుడు చేతికి నిప్పు చురక తగిలితే, కాలిన వాసన బట్టి నాయనమ్మే కనిపెట్టాల్సి వచ్చింది.

"ఆవగింజా!" అని పిలిచింది తల్లి.

పిల్ల ఆగింది. వరసలో ఆ ఒక్కతే ఆగింది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు అక్కడెవరూ లేరు మరి. తల తిప్పబోయింది. "నడు," అన్నారెవరో ముందు నుంచి. నడిచింది.

ఆమె చుట్టు తిరిగి గేటు దగ్గరకి పరిగెత్తి, బూటు కరుస్తోంది బాబూ, ఎవరికైనా చెప్పు, కాస్త చూడమను, అని వాచ్‌మన్‌ని బతిమాలింది. "సరేనమ్మా, సరేనమ్మా," అన్నాడతను. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. తను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అందరితోనూ అదే గొంతుతో మాట్లాడింది.

ఆ బడిలోకి ఎవరైనా వెళ్ళొచ్చు. పుస్తకాలు పంచేవాళ్ళకి, దుప్పట్లు ఇచ్చేవాళ్ళకి, చుట్టూ తిరిగి చూసి మెచ్చుకుని వెళ్ళేవాళ్ళకి గేటు తీస్తారు. రావద్దన్నది ఆమెని ఒక్కదాన్నే. అందుకని, మీలో ఎవరికైనా అటు వెళ్ళే పని పడితే, వెనకవైపు భవనంలో, నొసటి మీద చిన్న గాటు మచ్చ ఉన్న పిల్ల కోసం చూడండి. కుర్చీలో కూర్చోబెట్టండి. కుడి కాలి బూటూ మేజోడూ విప్పి మడమ చూడండి. పుండు పడి ఉంటే శుభ్రంగా కడిగించి, గుడ్డ కట్టించి, ఆ బూటు మార్పించేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ఎలా ఉందో ఒక్క మాట వచ్చి చెప్పండి. పగలంతా ఆ తల్లి హోటల్ కింద లాండ్రీలోనే ఉంటుంది.